రాయిగా మారే గాలి

వెనకటి తెలుగు సైన్సు పుస్తకాలలో కార్బన్ డయాక్సైడు పేరు బొగ్గుపులుసు వాయువు. ఆ ‘పులుసు’ ఎంత సార్థకమైన మాటో తెలియాలంటే భూగర్భంలోకి తొంగిచూడాలి.

భూగోళాన్ని వేడెక్కిస్తున్న ఈ వాయువును పట్టి పాతాళంలో దాచటం నేడు కొన్ని దేశాలు చేస్తున్న పని. అయితే, అక్కడ ఖాళీ గుహలేవో వుంటాయనీ, వాటిలో నింపి మూత బిగిస్తారనీ అనుకోకండి. నార్వేవారు ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ క్షేత్రంలో, 1996 నుంచి, సముద్రపు అడుగుకు సుమారు 1 కిలోమీటరు దిగువన వున్న ఇసుకరాతి పొరలోకి దీన్ని ఎక్కించసాగారు. ఆ రాతి సందులనిండా ఉప్పునీరే! వాయువు ఆ నీటిని ప్రక్కకు నెట్టి, తేలిక గనుక పైకి ప్రాకుతుంది. పైనున్న బిగువైన మట్టిరాతి పొర దానికి అడ్డు.

కొంత వాయువు నీటిలో కరుగుతుంది. అప్పుడు సోడాలాగే ఆ నీరూ పులుపెక్కుతుంది. కడపరాతి బండమీద నిమ్మరసం ఒలికితే మచ్చపడటం మన గృహిణులకు తెలిసిందే. పులిసిన నీరు కూడా రాతిలోని సున్నపు అంశాన్ని అలాగే తినేస్తుంది. దానితో సందులు వెడల్పవుతాయి. కరిగినది మరొకచోట పేరుకుంటే అక్కడి సందులు పూడిపోతాయి.

ఇక ఒత్తిడి సంగతి. అల్జీరియాలోని ఇన్ సలాలో 2004లో ఈ పని ప్రారంభించారు. లోపలి ఒత్తిడికి ఎడారి నేల ఏటా కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచినట్లు ఉపగ్రహాలు పసిగట్టాయి. పైనున్న రాతిపొర చెదురుతుందన్న శంకతో 2011లో ఆపివేశారు.

ఐస్‌లాండువారి పద్ధతి వేరు. 2012లో వారు వాయువును నీటిలో కరిగించి మరీ బసాల్టు అనే నల్లరాతిలోకి పంపారు. పులిసిన నీరు ఆ రాతినుంచి కాల్షియాన్ని లాగింది. అది వాయువుతో కలిసి తెల్లని రాయిగా గడ్డకట్టింది. రెండేళ్ళలోపే నూటికి 95 వంతులు ఇలా మారినట్లు 2016లో ప్రకటించారు. రాయైనది మరి పైకి ఎగిరిపోదు గదా! కాని, టన్ను వాయువుకు దాదాపు 25 టన్నుల నీరు కావాలి.

మన ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతాలలోని దక్కను నల్లరాయీ బసాల్టే. అయినా ఒకచోట ఫలించినది మరొకచోట ఫలిస్తుందన్న హామీ లేదు. బావినీటినే నమ్ముకున్న ఊళ్ళ క్రింద ఏ రాయి వున్నదో, ఏ నీరు ఎటు నడుస్తున్నదో ముందుగా తేల్చుకోవలసిందే. దాచిన చోటును తరతరాలు కనిపెట్టి వుండవలసిందే.