నాలుగు గిటార్ కార్డ్స్, ఒక ‘స’, మా నానమ్మ నాట్ల పాట

మన హాస్టల్లో గిటార్ పట్టుకున్న ఎవరినైనా "ఫస్ట్ ఏ కార్డ్స్ నేర్చుకున్నావ్?" అని అడగండి. ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: సి, జి, ఏ మైనర్, ఎఫ్. ఈ నాలుగు వస్తే సగం ప్రపంచాన్ని వాయించేయొచ్చని సీనియర్లు ఊరిస్తుంటారు. అందులో నిజం చాలానే ఉంది. బీటిల్స్ వాళ్ల ‘లెట్ ఇట్ బీ’ (1970) ఈ నాలుగుతోనే మొదలవుతుంది. బాబ్ మార్లీ ‘నో వుమన్, నో క్రై’ (1974) కూడా ఈ వరస మీదే నడుస్తుంది. గిటార్ రెండో ఫ్రెట్ మీద కేపో బిగించి అవే షేపులు పట్టుకుంటే యూ టూ బ్యాండ్ వాళ్ల ‘విత్ ఆర్ వితౌట్ యూ’ (1987) వచ్చేస్తుంది. యాక్సిస్ ఆఫ్ ఆసమ్ అనే ఆస్ట్రేలియా కామెడీ బృందం అయితే ఈ ఒక్క వరస మీద డజన్లకొద్దీ హిట్ పాటల ముక్కలు గొలుసులా పాడి జనాన్ని నవ్వించింది.

ఇన్ని పాటలకు ఒకే వరస ఎలా సరిపోతోంది? ఇది నా మొదటి ప్రశ్న. రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఈసారి ఫెస్ట్‌లో మా బ్యాచ్ ఒక జానపద పాటను గిటార్‌తో చేద్దామనుకుంటోంది. "ఏముంది, కింద సి, జి, ఏ మైనర్, ఎఫ్ కొట్టేద్దాం" అన్నారు అందరూ. అలా కొట్టేస్తే ఆ పాట ఏమవుతుంది?

ముందు బేసిక్స్ చూద్దాం. ఇంగ్లిష్ అక్షరాలు పక్కన పెట్టి మన స్వరాల్లో చెప్తాను, అలా అయితే మ్యూజిక్ రానివాళ్లకి కూడా ఈజీ. సి ని ‘స’ అనుకోండి. అప్పుడు డి రి, ఈ గ, ఎఫ్ మ, జి ప, ఏ ద, బి ని. కర్ణాటక సంగీతంలో దీన్నే శంకరాభరణం అంటారు, 29వ మేళకర్త. కార్డ్ అంటే ఇందులోంచి ఒకటి విడిచి ఒకటి చొప్పున మూడు స్వరాలు తీసి కలిపి మోగించడం. మన నాలుగు కార్డ్స్ ఇవి:

సి: స, గ, ప
జి: ప, ని, రి
ఏ మైనర్: ద, స, గ
ఎఫ్: మ, ద, స

మూడు స్వరాలు కలిస్తే చెవికి ఎందుకు నచ్చుతుంది? స, గ, ప ల ఫ్రీక్వెన్సీలు దాదాపు 4:5:6 నిష్పత్తిలో ఉంటాయి. ఇంత చిన్న అంకెల్లో కుదిరాయి కాబట్టి మూడు కంపనాలూ మాటిమాటికీ ఒకచోట కలుసుకుంటాయి. ఏ మైనర్ లాంటి మైనర్ కార్డ్‌లో నిష్పత్తి 10:12:15. అవీ కలుస్తాయి గానీ కొంచెం ఆలస్యంగా. (గిటార్‌లో ఒక్కో ఫ్రెట్‌కీ ఫ్రీక్వెన్సీ సుమారు 1.0595 రెట్లు పెరుగుతుంది కాబట్టి ఈ నిష్పత్తులు కచ్చితంగా కాదు, దగ్గర దగ్గరగా వస్తాయి.)

ఇప్పుడు అసలు విషయం. పైన రాసిన నాలుగు లైన్లు మళ్లీ చూసి, ‘స’ ఎక్కడెక్కడ ఉందో వెతకండి. సి లో ఉంది, మొదటి స్వరంగా. ఏ మైనర్‌లో ఉంది, రెండో స్వరంగా. ఎఫ్‌లో ఉంది, మూడో స్వరంగా. జి లో మాత్రం లేదు.

నా లెక్కలో ఈ నాలుగు కార్డ్‌ల రహస్యమంతా ఇక్కడే ఉంది. స అంటే ఇల్లు. సి వాయిస్తే ఇంట్లో ఉన్నట్టు. జి కొట్టగానే ఇల్లు దాటి బయటికొచ్చాం. పైగా జి లో ఉన్న ‘ని’ పై స కి అరమెట్టు కిందే ఉంటుంది, అందుకే చెవి "ఇంకొక్క అడుగేస్తే ఇల్లు" అని లాగుతుంటుంది. ఏ మైనర్, ఎఫ్ రెండింట్లోనూ స ఉంటుంది గానీ పాదు స మీద ఉండదు. మన ఇంటికి మనమే చుట్టంగా వచ్చినట్టు ఉంటుంది. ఏ మైనర్‌లో ద ఆధారం అవుతుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే గ్రహభేదం: శంకరాభరణంలో ద ని కొత్త స గా పెట్టుకుంటే నఠభైరవి వస్తుంది. స్వరాలు అవే, మూడ్ వేరే.

ఇది మీరే టెస్ట్ చేసుకోవచ్చు. ఫ్రెండ్‌ని సి, జి, ఏ మైనర్, ఎఫ్ వాయించమని, మీరు పైన ఒక్క ‘స’ మాత్రం ఊపిరి ఉన్నంతసేపు పట్టుకోండి. మీరు పాడేది మారదు. అయినా సి దగ్గర అది స్థిరంగా ఉంటుంది, జి దగ్గర గీసుకుంటుంది, ఏ మైనర్ దగ్గర దిగులు పడుతుంది, ఎఫ్ దగ్గర మెత్తబడుతుంది. గొంతు ఏమీ చెయ్యకుండానే భావం నాలుగుసార్లు మారింది. మార్చింది కింద ఉన్నవాడు.

మన సీఎస్ఈ వాళ్లకి ఇంకో చిన్న మాట. మ్యూజిషియన్లు ఈ వరసని సి, జి అని కాకుండా 1, 5, 6, 4 అని నంబర్లతో రాసుకుంటారు. అంటే రిలేటివ్ అడ్రసింగ్. బేస్ అడ్రస్ ఎక్కడున్నా ఆఫ్‌సెట్లు అవే. కేపో పెట్టడం అంటే బేస్ అడ్రస్ జరపడం. పైన చెప్పిన యూ టూ పాటలో జరిగింది అదే: స ని డి కి జరిపితే డి, ఏ, బి మైనర్, జి వస్తాయి.

అవే నాలుగు కార్డ్‌ల వరస మారిస్తే కథే మారిపోతుంది. బెన్ ఇ. కింగ్ ‘స్టాండ్ బై మీ’ (1961) చూడండి. నంబర్లలో 1, 6, 4, 5. అంటే స ఉన్న మూడు కార్డ్‌లు ముందు, స లేనిది ఆఖర్న. ప్రయాణమంతా ఇంటి చుట్టుపక్కలే సాగి, చివర్లో ఒక్కసారి గడప దాటి, వెంటనే లోపలికి వచ్చేస్తుంది. అందుకే ఆ పాట అంత నమ్మకంగా వినిపిస్తుంది. ‘లెట్ ఇట్ బీ’ వరసలో స లేని కార్డ్ రెండో చోటే వచ్చేస్తుంది, నాలుగోది ఎఫ్. ఎఫ్ దగ్గర పాట ఆగినట్టూ ఉండదు, ఆగనట్టూ ఉండదు. కాబట్టి గుండ్రంగా తిప్పుతూ ఎంతసేపైనా వాయించొచ్చు.

నాకు బాగా ఇష్టమైన వరసలు ఇంకో రెండు ఉన్నాయి. ఈగల్స్ ‘హోటల్ కాలిఫోర్నియా’ (1976) ఎనిమిది కార్డ్‌ల వరస: బి మైనర్, ఎఫ్ షార్ప్, ఏ, ఈ, జి, డి, ఈ మైనర్, ఎఫ్ షార్ప్. ఆఖరి ఎఫ్ షార్ప్‌లో, ఇల్లయిన బి కి అరమెట్టు కిందున్న స్వరం దాక్కుని ఉంది. ఎంత దూరం తిప్పినా అది చెయ్యి పట్టి మళ్లీ మొదటికే లాక్కొస్తుంది. రెండోది రేడియోహెడ్ ‘క్రీప్’ (1992): జి, బి, సి, సి మైనర్. మూడో కార్డ్ నుంచి నాలుగో కార్డ్‌కి మారేటప్పుడు ఒక్క స్వరం, అదీ అరమెట్టే కిందికి జారుతుంది. ఆ ఒక్క జారుడులోనే పాట బరువంతా ఉంది.

మరి ఈ వరసలు ఎవరి సొత్తు? దీని మీద కోర్టు కేసు కూడా నడిచింది. ఎడ్ షీరన్ ‘థింకింగ్ అవుట్ లౌడ్’ (2014), మార్విన్ గే ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’ (1973) పాటకి కాపీ అని దావా వేశారు. రెండింట్లో నాలుగు కార్డ్‌ల వరస దాదాపు ఒకటే. షీరన్ న్యూయార్క్ కోర్టులో గిటార్ పట్టుకుని వాయించి మరీ చూపించాడు. 2023 మేలో జ్యూరీ అతని వైపే తీర్పు చెప్పింది. ఇలాంటి వరస ఊరుమ్మడి బావి లాంటిది, ఎవరైనా తోడుకోవచ్చని నా అభిప్రాయం కూడా. అయితే తోడిన నీళ్లు ఎక్కడ పోస్తున్నామో చూసుకోవాలి కదా.

ఇక మన వైపు వద్దాం. నేను గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్లలో పెరిగాను. మా దగ్గర పాటంటే మొదట డప్పు. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు కూడా పని ఆపేసి దిగారు. ఆ రోజుల ధూంధాం వీడియోలు ఇప్పుడు చూసినా రోమాలు లేస్తాయి. ఒకరు పాట ఎత్తుకుంటారు, వెనక కోరస్ అందుకుంటుంది, డప్పు నడిపిస్తుంది. కార్డ్ అనేదే లేదు. బతుకమ్మ పాటలూ అంతే. చప్పట్లు, అడుగులు, లైను చివర అందరూ కలిసి అనే పల్లవి మాట. ఇంటికి తీసుకొచ్చే పని కార్డ్స్ బదులు కోరస్ చేస్తుంది. ఒగ్గు కథ, భజన, కర్ణాటక కచేరీ, ఏది తీసుకున్నా ‘స’ కదలదు, దాని మీద పాట కదులుతుంది. పాప్‌లో తరచుగా దానికి రివర్స్: పాట ఒకచోట నిలబడితే కింద నేల కదులుతుంది.

మన రాగాల కింద కార్డ్స్ పెట్టకూడదని నేను అనడం లేదు. ఇళయరాజా ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర వెస్టర్న్ నేర్చుకుని వచ్చి ఆ పనే చేశారు. ‘సాగర సంగమం’ (1983), ‘గీతాంజలి’ (1989) పాటలు ఈసారి హెడ్‌ఫోన్స్‌లో బాస్ గిటార్ కోసం వినండి. బాస్ పాటని కాపీ కొట్టదు, తన దారిన తాను నడుస్తూనే పాటకి దారిస్తుంది. వినకుండా పెట్టిన కార్డ్స్ అలా కుదరవు.

మా నానమ్మ మంథని వైపు ఊళ్లో చాలా ఏళ్లు నాట్లు వేసిన మనిషి. ఆమె పాడే ఒక నాట్ల పాట స, రి, గ, ప నాలుగు స్వరాల్లోనే తిరుగుతుంది. ప్రతి లైనూ స మీద దిగి అక్కడ సాగుతుంది. ఫెస్ట్ కోసం మేం అనుకున్న పాట ఇదే. సెలవుల్లో ఆమె ముందే మూడు రకాలుగా వాయించి చూశాను.

మొదటిది మామూలు సి, జి, ఏ మైనర్, ఎఫ్. జి దగ్గర స సాగినప్పుడు గీసుకుంది. మిగతాది స్మూత్‌గానే వచ్చింది. నానమ్మ "సీన్మ పాట లెక్కున్నది" అంది. మెచ్చుకోలో కాదో తెలియలేదు.

రెండోది, లైను చివరి స కింద ప్రతిసారీ ఏ మైనర్. నా చెవికి భలే డెప్త్ వచ్చినట్టు అనిపించింది. నానమ్మ ఆపేసింది. "గీ పాటల ఏడుపెందుకు పెట్టినవ్ బిడ్డా?" అంది. "నాట్లేసుడంటె కష్టమే గద నానమ్మా" అన్నాను. "కష్టం లేదని ఎవలన్నరు? మస్తుగుండె. గని గా కష్టాన్ని పాటల పెట్టుకోలె. పెట్టుకుంటె చెయ్యి ఆడుతదా? పాట పనిని ముందుకు నడిపేటందుకు."

మూడోది స, ప రెండే స్వరాలు, గ కూడా లేకుండా, తంబూరాలా వదిలేశాను. గిటార్ చెక్క మీద వేళ్లతో దెబ్బ మాత్రం వేశాను. ఈసారి ఏమీ అనలేదు. నా వైపు చూడకుండా తనే పాట అందుకుంది.

మా నాన్న బాయి పని చేస్తాడు. మంచం మీద కూర్చుని ఇదంతా విని ఒక మాట చెప్పాడు. బాయిలో సపోర్టు పెట్టే ముందు పైకప్పుని రాడ్‌తో కొట్టి వింటారట. గట్టిగా ఉంటే ఖణేల్‌మంటుంది, వదులుగా ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. ఎక్కడ సపోర్టు కావాలో ఆ చప్పుడే చెప్తుంది. కార్డ్ కూడా పాట కింద పెట్టే సపోర్టే. కొట్టి వినకుండా పెడితే ఎలా?

పాట కింద ఏ మైనర్ పెట్టిన క్షణం, ఆ పాట పాడినవాళ్లు బాధపడుతున్నారని మనం వాళ్ల తరఫున చెప్పేస్తున్నాం. మన తరంలో జానపదం విన్నవాళ్లలో చాలామందికి మొదటి వెర్షన్ ఇలాంటి ఫ్యూజనే అవుతుంది. వాళ్లు గుర్తుపెట్టుకునేది మన కార్డ్‌నే. అందుకే ఇది చిన్న విషయం అనిపించడం లేదు నాకు.

ఫెస్ట్‌కి మేం ఫిక్స్ చేసుకున్న అరేంజ్‌మెంట్ ఇది: చరణాలన్నీ స, ప మీదే, కింద డప్పు. ఆఖరి చరణం చివరి మాట దగ్గర మాత్రం ఒక్కసారి ఎఫ్, అక్కణ్నుంచి సి. పాటంతటికీ ఆ ఒక్క కార్డ్ మార్పే. నానమ్మకి ఫోన్‌లో వినిపిస్తే "గది మంచిగున్నది, పని ఒడిసి గట్టెక్కినట్టున్నది" అంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాట ఒకటి ఉండే ఉంటుంది. ముందు దాన్ని ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. స ఎక్కడ దిగుతోందో కనిపెట్టండి. పైన రాసిన నాలుగు లైన్లు ముందు పెట్టుకుని ఒక్కో కార్డ్ మార్చి వినండి. తర్వాత ఆ పాడిన మనిషినే అడగండి, ఏది సరిపోయిందో.