నామినీ వేరు, వారసుడు వేరు

సంఘంలో ఒక సభ్యుడు కాలం చేస్తే, దినకర్మ ముగిసిన కొద్ది రోజులకే ఆ ఇంటివారు కార్యదర్శి వద్దకు వస్తారు. ఆయన వాటా ధనం, రావలసిన బోనసు, చివరి పాల బిల్లు ఎవరికి ఇవ్వాలన్నది ప్రశ్న. రిజిష్టరు తిరగవేస్తే నామినీ గడిలో తమ్ముని పేరు ఉందనుకుందాం. పెండ్లికి ముందు సంఘంలో చేరినప్పుడు వ్రాయించిన పేరది. తరువాత భార్య వచ్చింది, ఇద్దరు పిల్లలు కలిగారు. ఇన్నేళ్ళూ గేదెలను మేపి కేంద్రానికి పాలు పోసినది ఆ ఇల్లాలే. పేరు మాత్రం మారలేదు.

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. నామినీకి సొమ్ము ఇస్తే సంఘం బాధ్యత తీరుతుంది. అంతమాత్రాన ఆ సొమ్ము అతని సొంతం కాదు. వారసుల తరఫున పుచ్చుకున్నవాడు మాత్రమే. సుప్రీంకోర్టు 1983లో ఒక జీవిత బీమా కేసులోనూ, 2023 డిసెంబరులో కంపెనీ షేర్ల కేసులోనూ ఈ సంగతే చెప్పింది. బీమాకు మాత్రం 2015లో చట్టం సవరించారు: భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ సొమ్ము వారిదే.

మరి అసలు హక్కుదారులెవరు? హిందువైన పురుషుడు వీలునామా వ్రాయకుండా చనిపోతే, అతని స్వార్జితం 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా చెందుతుంది. అత్తవారింటికి వెళ్ళిన కూతురికీ అంతే వాటా. మన సభ్యుని బ్యాంకు డిపాజిట్టు 2 లక్షలనుకోండి. తల్లి, భార్య, కొడుకు, కూతురు ఉంటే తలా 50 వేలు. తమ్మునికి ఏమీ రాదు. కాని నామినీగా డబ్బు అందుకున్న తమ్ముడు ఇవ్వనంటే వదినగారు కోర్టు మెట్లెక్కాలి. కొద్దిపాటి వాటా ధనం కోసం ప్లీడరును పెట్టుకునేదెవరు? చట్టం తన పక్షాన ఉన్నా ఆమెకు చేతికందేది శూన్యం. (ముస్లిములకు, క్రైస్తవులకు వారి వారి వారసత్వ నియమాలు వర్తిస్తాయి.)

నామినీ లేనప్పుడు బ్యాంకువారు మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగిలిన వారసుల అంగీకారపత్రం వంటివి అడుగుతారు. తగాదా ఉంటే సివిలు కోర్టు నుండి వారసత్వ ధ్రువీకరణ తేవలసిందే. 2025 నవంబరు 1 నుండి ఒక డిపాజిట్టుకు నలుగురి వరకు నామినీలను పెట్టుకొని, ఎవరికెంత అన్నది కూడా వ్రాయవచ్చు. ఇది చాలా మంచి ఏర్పాటు.

కంపెనీ షేర్లు మన సభ్యుల వద్ద తక్కువే, కాని పట్నంలో ఉద్యోగం చేసే పిల్లలు కొని పెడుతున్నారు. డీమ్యాట్ ఖాతాలో ఉంటే ఆ ఖాతా తెరిచిన సంస్థకు, కాగితం సర్టిఫికెట్లయితే కంపెనీ రిజిస్ట్రారుకు దరఖాస్తు పెట్టాలి. నామినీ లేకపోయినా, డీమ్యాట్ షేర్ల విలువ 15 లక్షల లోపైతే కోర్టు పత్రం లేకుండా, ప్రమాణపత్రం, హామీపత్రం తీసుకుని మార్చవచ్చునని 2022లో సెబి నిర్ణయించింది. ఆలస్యం మాత్రం చేయరాదు. డివిడెండు వరుసగా ఏడేళ్ళు ఎవరూ తీసుకోకపోతే ఆ షేర్లు కేంద్ర ప్రభుత్వ నిధికి పోతాయి. తిరిగి రాబట్టుకోవచ్చు గాని, తిరగవలసిన తిరుగుడు చాలా ఉంటుంది. పదేళ్ళు కదలని బ్యాంకు డిపాజిట్టు సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుంది. దానినీ వారసులు అడిగి పొందవచ్చు.

కనుక కార్యదర్శులు వచ్చే సర్వసభ్య సమావేశానికి సభ్యత్వ రిజిష్టరు వెంట తెచ్చి, నామినీ పేర్లు ఒక్కొక్కటి చదివి వినిపించండి. పెండ్లయినవారు, నామినీ గతించినవారు అక్కడికక్కడే కొత్త పత్రం వ్రాసి, సాక్షుల సంతకాలతో ఇవ్వవచ్చు. తేదీ వేసి రిజిష్టరులో ఎక్కించి, సభ్యునికి రసీదు ఇవ్వండి.