ఖాళీ చేసిన గది తాళం: మీ ఫోన్ కెర్నల్‌లో మెమరీ తప్పులు ఎలా పట్టుకుంటారు?

టాపిక్‌లోకి వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్ సెట్టింగ్స్ ఓపెన్ చేసి, అబౌట్ ఫోన్‌లోనో సెక్యూరిటీలోనో సెక్యూరిటీ అప్‌డేట్ పక్కన ఏ తేదీ ఉందో చూడండి. చూశారా? గుర్తుపెట్టుకోండి. చివర్లో ఆ తేదీతో పని ఉంది.

ఇవాళ్టి టాపిక్ కెర్నల్ మెమరీ చెకింగ్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అన్నిటికంటే అడుగున నడిచేది లినక్స్ కెర్నల్. యాప్‌కి మెమరీ ఇచ్చేది, కెమెరా, మైక్ ఎవరి చేతికి వెళ్లాలో చూసేది, ఒక యాప్ ఇంకో యాప్ డేటా ముట్టుకోకుండా ఆపేది అదే. ఈ కెర్నల్ దాదాపు మొత్తం సి భాషలో ఉంటుంది. సి భాషలో మెమరీ అడిగి తీసుకోవడం, వాడుకోవడం, తిరిగి ఇచ్చేయడం అంతా ప్రోగ్రామర్ బాధ్యతే. తప్పు చేస్తే అక్కడికక్కడే ఆపేవాళ్లు ఎవరూ ఉండరు.

ఒక లాడ్జి అనుకోండి. మీకు 12 నంబర్ గది ఇచ్చారు. మీరు పొరపాటున 13లోకి వెళ్లి సామాను పెట్టేశారు. దీన్ని అవుట్ ఆఫ్ బౌండ్స్ అంటారు. ఇంకో రకం ఏంటంటే, మీరు గది ఖాళీ చేసి వెళ్లిపోయారు, కానీ తాళం జేబులోనే ఉండిపోయింది. లాడ్జి వాళ్లు ఆ గది ఇంకొకరికి ఇచ్చారు. రాత్రి మీరు వచ్చి అదే తాళంతో తలుపు తీశారు. దీన్ని యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు. దొంగలకి బాగా ఇష్టమైన తప్పు ఇదే. ఆ గదిలో ఇప్పుడు ఎవరి సామాను ఉండాలో వాళ్లే ప్లాన్ చేసుకోవచ్చు కదా!

అసలు సమస్య ఏంటంటే, తప్పు జరిగిన క్షణంలో ఏమీ అవ్వదు. ఫోన్ మామూలుగానే నడుస్తుంది. పది నిమిషాల తర్వాత సంబంధం లేని చోట హ్యాంగ్ అయి రీస్టార్ట్ అవుతుంది. అందుకే తప్పు జరుగుతున్నప్పుడే, అంటే కోడ్ నడుస్తుండగానే, పట్టుకునే ఏర్పాటు కావాలి. దీన్నే రన్‌టైమ్ డిటెక్షన్ అంటారు. లినక్స్‌లో దీనికి పెద్ద టూల్ కేసాన్, పూర్తి పేరు కెర్నల్ అడ్రస్ శానిటైజర్. 2015లో లినక్స్ 4.0తో వచ్చింది.

కేసాన్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన లాడ్జిలో ఒక రిజిస్టర్ పెట్టారనుకోండి. మెమరీలో ప్రతి 8 బైట్లకి ఆ రిజిస్టర్‌లో 1 బైట్ ఎంట్రీ ఉంటుంది. సున్నా అని ఉంటే 8 బైట్లూ వాడుకోవచ్చు. 1 నుంచి 7 లోపు అంకె ఉంటే మొదటి అన్ని బైట్లు మాత్రమే. నెగెటివ్ అంకె ఉంటే అసలు ముట్టుకోకూడదు. ఈ రిజిస్టర్‌ని షాడో మెమరీ అంటారు. కెర్నల్‌ని కంపైల్ చేసేటప్పుడే కంపైలర్ మెమరీ ముట్టుకునే ప్రతి చోటా ఒక చెక్ పెట్టేస్తుంది. ముందు రిజిస్టర్ చూడు, తర్వాతే తలుపు తియ్యి అన్నమాట. ఇంకో తెలివైన పని కూడా చేస్తుంది. ఖాళీ అయిన గదిని వెంటనే ఇంకొకరికి ఇవ్వదు, కొంతసేపు తాళం వేసి ఉంచుతుంది. ఈలోపు పాత తాళంతో ఎవరైనా వస్తే దొరికిపోతారు.

మరి ఇంత మంచిదైతే అందరి ఫోన్లలో ఆన్ చేసేయొచ్చు కదా? ఇక్కడే లెక్క వేయాలి. 8కి 1 అంటే, 8 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ఆ రిజిస్టర్‌కే 1 జీబీ పోతుంది. ప్రతి అడుగులో చెక్ ఉంటుంది కాబట్టి కెర్నల్ పని రెండు మూడు రెట్లు నెమ్మదిస్తుంది. బ్యాటరీ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే దీన్ని టెస్టింగ్ మెషీన్లలో మాత్రమే ఆన్ చేస్తారు.

ఎలా ఆన్ చేస్తారు? మీ సొంత ఫోన్ మీద ప్రయోగం వద్దు. ల్యాప్‌టాప్‌లో క్యూఎంయూ లాంటి వర్చువల్ మెషీన్ చాలు. కెర్నల్ సోర్స్‌లో మెనూకాన్ఫిగ్ ఓపెన్ చేసి, కెర్నల్ హ్యాకింగ్ అనే మెనూలో మెమరీ డీబగ్గింగ్‌లోకి వెళ్తే కేసాన్ కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేసి జెనరిక్ మోడ్ ఎంచుకోండి. తర్వాత అవుట్‌లైన్, ఇన్‌లైన్ అని రెండు ఆప్షన్లు ఉంటాయి. అవుట్‌లైన్ అయితే కెర్నల్ ఫైల్ సైజ్ తక్కువ, ఇన్‌లైన్ అయితే సైజ్ పెరుగుతుంది కానీ వేగం ఎక్కువ. స్టాక్‌ట్రేస్ ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. గది ఎవరు తీసుకున్నారు, ఎవరు ఖాళీ చేశారు అనే వివరం రిపోర్ట్‌లోకి వచ్చేది దానివల్లే. అది లేకపోతే దొంగతనం జరిగిందని తెలుస్తుంది, దొంగ మాత్రం దొరకడు.

కొత్తవాళ్లు చేసే ఒక పొరపాటు చెప్తాను. కేసాన్ మామూలుగా మొదటి తప్పుకి మాత్రమే రిపోర్ట్ ఇచ్చి ఆ తర్వాత మాట్లాడదు. లాగ్‌లో ఒక్కటే రిపోర్ట్ ఉంది, అంటే ఒక్కటే బగ్ ఉంది అనుకుంటారు. అన్నీ కావాలంటే బూట్ లైన్‌లో కేసాన్ మల్టీ షాట్ అనే మాట చేర్చాలి.

సరే, కేసాన్ బరువు ఎక్కువ. మరి జనం చేతుల్లో ఉన్న ఫోన్ల సంగతి ఏంటి? దానికోసం వచ్చిందే కేఫెన్స్. 2021లో లినక్స్ 5.12లో చేరింది. ఆర్టీసీ బస్సులో చెకింగ్ స్క్వాడ్ తెలుసు కదా? ప్రతి బస్సూ, ప్రతి స్టాపులో చెక్ చేయరు. ఎప్పుడో ఒకసారి సడన్‌గా ఎక్కుతారు. కేఫెన్స్ కూడా అంతే. మామూలు సెట్టింగ్‌లో 100 మిల్లీసెకన్లకి ఒకసారి, అప్పుడు మెమరీ అడిగిన ఒక్క వస్తువుని తీసుకెళ్లి ప్రత్యేకమైన పేజీలో పెడుతుంది. పక్క పేజీకి పూర్తిగా గేటు వేసేస్తుంది. గీత దాటితే వెంటనే దొరుకుతారు. ఖాళీ చేశాక ఆ పేజీకి కూడా గేటు పడుతుంది. పాత తాళంతో వచ్చినా దొరుకుతారు.

ఖర్చు ఎంత? మామూలుగా 255 వస్తువులకి చోటు ఉంటుంది. దానికి మొత్తం 2 ఎంబీ. కేసాన్ 1 జీబీ అడిగిన చోట ఇది 2 ఎంబీతో సరిపెట్టుకుంటుంది. వేగంలో తేడా కూడా దాదాపు తెలియదు. ఒక్క ఫోన్‌లో ఒక్కరోజులో బగ్ దొరికే అవకాశం తక్కువే. కానీ లక్షల ఫోన్లలో రోజూ నడిస్తే ఏదో ఒక ఫోన్‌లో స్క్వాడ్‌కి తగులుతుంది. ఆండ్రాయిడ్ కెర్నల్‌లో దీనికి చోటు ఇచ్చింది అందుకే.

కేఫెన్స్‌లో ముఖ్యమైన సెట్టింగ్ శాంపిల్ ఇంటర్వల్. అంకె తగ్గిస్తే చెకింగ్ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఆ అంకె సున్నా అయితే మాత్రం కేఫెన్స్ అసలు పనిచేయదు. కాబట్టి కాన్ఫిగ్ ఫైల్‌లో కేఫెన్స్ వై అని కనిపించగానే సంతోషపడిపోకండి. ఇంటర్వల్ కూడా చూడండి. గేటు దగ్గర కుర్చీ ఉంటే సరిపోదు, అందులో వాచ్‌మన్ కూర్చున్నాడా లేదా అన్నది ముఖ్యం.

మూడో దారి హార్డ్‌వేర్. ఆర్మ్ చిప్‌లలో మెమరీ ట్యాగింగ్ అనే సౌకర్యం ఉంది. ప్రతి 16 బైట్లకి ఒక రంగు, తాళానికీ ఒక రంగు అనుకోండి. రెండు రంగులూ కలవకపోతే చిప్ తనే పట్టేస్తుంది. ట్యాగ్ 4 బిట్లే కాబట్టి మొత్తం 16 రంగులు. అంటే అప్పుడప్పుడు అదృష్టం కొద్దీ రంగు కలిసిపోయి తప్పించుకునే ఛాన్స్ కూడా ఉంది. కేసాన్‌కి దీన్ని వాడుకునే మోడ్ లినక్స్ 5.11లో వచ్చింది. ఇందులో సింక్ పెడితే తప్పు జరిగిన చోటే ఆపుతుంది. ఎసింక్ పెడితే వేగం బాగుంటుంది కానీ కచ్చితంగా ఏ లైన్‌లో జరిగిందో చెప్పలేదు. 2023లో వచ్చిన పిక్సెల్ 8లో డెవలపర్ ఆప్షన్స్‌లో మెమరీ ట్యాగింగ్‌ని ఇచ్చారు.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. ఆండ్రాయిడ్‌లో యాప్‌లు ఒకదానితో ఒకటి, సిస్టమ్‌తో మాట్లాడుకునేది బైండర్ అనే డ్రైవర్ ద్వారా. 2017 నవంబర్‌లో సిజ్‌బాట్ అనే ఆటోమేటిక్ టెస్టింగ్ సిస్టమ్ కేసాన్ ఆన్ చేసిన కెర్నల్ మీద పరీక్షలు చేస్తుంటే, బైండర్‌లో యూజ్ ఆఫ్టర్ ఫ్రీ దొరికింది. అచ్చం మన ఖాళీ చేసిన గది తాళమే. 2018 ఫిబ్రవరిలో కొన్ని కెర్నల్ వెర్షన్లలో దాన్ని సరిచేశారు కూడా. కానీ దానికి సెక్యూరిటీ బగ్ అనే నంబర్ ఇవ్వలేదు. ఆండ్రాయిడ్ నెలవారీ సెక్యూరిటీ బులెటిన్‌లో చేరలేదు. దాంతో అప్పటికే మార్కెట్లో ఉన్న చాలా ఫోన్లకి ఆ ప్యాచ్ చేరలేదు.

2019 సెప్టెంబర్ చివర్లో గూగుల్ ప్రాజెక్ట్ జీరో టీమ్‌లోని మ్యాడీ స్టోన్ దీన్ని మళ్లీ బయటపెట్టారు. అప్పటికే ఈ బగ్‌ని నిజమైన దాడుల్లో వాడుతున్నారని వాళ్లకి సమాచారం అందింది. ఫోన్‌లోకి చేరిన ఒక మామూలు యాప్, ఈ బగ్‌తో ఫోన్ మొత్తాన్ని చేతిలోకి తీసుకోగలదు. పిక్సెల్ 2 దీనికి దొరికిపోయే ఫోన్లలో ఒకటి. మన దగ్గర చాలామంది వాడిన రెడ్‌మీ నోట్ 5 పేరు కూడా ఆ టీమ్ ఇచ్చిన లిస్టులో ఉంది. అప్పుడు దానికి సీవీఈ 2019-2215 అనే నంబర్ వచ్చింది, అక్టోబర్ అప్‌డేట్‌లో ప్యాచ్ వచ్చింది.

గమనించారా? కేసాన్ తన పని సరిగ్గానే చేసింది. దాదాపు రెండేళ్ల ముందే అలారం మోగించింది. తాళం మార్చారు కూడా, కానీ కొన్ని ఇళ్లకే. మిగతా ఇళ్లకి కొత్త తాళం చేరేలోపు దొంగ ముందే వచ్చేశాడు. కాన్ఫిగ్ ఎంత బాగా పెట్టినా సగం పనే అవుతుంది. దొరికిన బగ్‌కి సరైన పేరు పెట్టి, ప్యాచ్‌ని ప్రతి ఫోన్ దాకా తీసుకెళ్లడం మిగతా సగం.

అందులో చివరి అడుగు మన చేతుల్లోనే ఉంది. ఇందాక చూసిన తేదీ గుర్తుందా? ఆ తేదీ తర్వాత బయటపడిన బగ్స్‌కి మందు మీ ఫోన్‌లో ఇంకా చేరలేదని అర్థం. అప్‌డేట్ వచ్చి ఉంటే, డేటా అయిపోతుందనో, ఫోన్ రీస్టార్ట్ అవుతుందనో పక్కన పెట్టకండి. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకునే ముందు ఇన్‌స్టాల్ నొక్కేయండి. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లు కూడా ఒకసారి చూడండి, ఆ నోటిఫికేషన్‌ని ఎక్కువగా పక్కకి తోసేది వాళ్లే.

కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లయితే ఈ వీకెండ్ వర్చువల్ మెషీన్‌లో కేసాన్ ఆన్ చేసి, దానితో పాటే వచ్చే టెస్ట్ మాడ్యూల్‌ని లోడ్ చేయండి. అది కావాలనే తప్పులు చేస్తుంది, కేసాన్ పట్టుకుంటుంది. ఆ మొదటి రిపోర్ట్‌ని లైన్ లైన్‌గా చదవండి, ఎవరు తీసుకున్నారు, ఎవరు ఖాళీ చేశారు, ఎవరు మళ్లీ తలుపు తీశారు అని. ఆ మూడూ అర్థమైతే ఇవాళ్టి ఎపిసోడ్ అర్థమైనట్టే. మళ్లీ కలుద్దాం.