ప్రకృతి చికిత్సాలయమున పనిచేయువారు

ప్రకృతి చికిత్స యనగానే మట్టి పట్టీ, తొట్టి స్నానము, ఉపవాసము, ఉప్పులేని భోజనము మున్నగునవి జ్ఞప్తికి వచ్చును. మట్టిని నానబెట్టి పట్టీ వేయు పరిచారకుడు, తొట్టిలోని నీటి వేడిమిని పరీక్షించు పరిచారిక, కొలత ప్రకారము ఆహారము సిద్ధపరచు వంటవాడు అంత త్వరగా జ్ఞప్తికి రారు. కాని రోగికి కలుగు మేలుకీడులు చాలవరకు వీరి జాగ్రత్తపై ఆధారపడియున్నవి.

ఈ పద్ధతి మన దేశమున వ్యాపించుటకు జర్మనీ దేశపు గ్రంథములు తోడ్పడినవి. లూయీ కూనే రచించిన గ్రంథమును ద్రోణంరాజు వేంకటచలపతి శర్మగారు 1894లో తెలుగులోనికి అనువదించిరి. అడాల్ఫ్ జస్ట్ గ్రంథము గాంధీ మహాత్ముని మనస్సును ఆకర్షించెను. పూనా నగరమున ఏర్పడిన అఖిల భారత ప్రకృతి చికిత్సా ధర్మనిధి పత్రముపై ఆయన 1945 నవంబరు 18వ తేదీన సంతకము చేసిరి. 1946లో పూనాకు సమీపముననున్న ఉరుళీ కాంచన్ గ్రామమున పేదల కొఱకు ఆశ్రమమును నెలకొల్పిరి. ఆ ఆశ్రమ భారమును మణిభాయి దేశాయిగారు జీవితాంతము వహించిరి. 1986లో భారత ప్రభుత్వము వారి జాతీయ ప్రకృతి చికిత్సా సంస్థ పూనాలో పని ప్రారంభించినది. 2018 నుండి నవంబరు 18వ తేదీ ప్రకృతి చికిత్సా దినముగా జరుపబడుచున్నది.

చికిత్సాలయమునకు వచ్చిన రోగిని మొదట పరీక్షించువారు వైద్యులు. ప్రకృతి చికిత్సయందును యోగ శాస్త్రమునందును పట్టము పొందుటకు నాలుగున్నర సంవత్సరముల చదువు, ఆపై ఒక సంవత్సరపు ఆసుపత్రి శిక్షణ అవసరము. శరీర నిర్మాణము, శరీర ధర్మములు, రోగ నిదానము ఈ చదువునందు చేరియున్నవి. రోగి బరువు, నాడి, రక్తపు పోటు, పూర్వపు జబ్బులు, వాడుచున్న మందులు చీటీపై వ్రాసికొనిన పిమ్మటనే ఏ చికిత్స చేయవలెనో, ఏది చేయరాదో వైద్యులు నిర్ణయింతురు.

ఆ చీటీని అమలు జరుపువారు పరిచారకులు. వీరి పని తెల్లవారకముందే ఆరంభమగును. భూమి లోపలి పొరలనుండి త్రవ్వి తెచ్చిన మట్టిని ఎండబెట్టి, జల్లించి, రాళ్లును వేళ్లును ఏరివేసి, నీటిలో నానబెట్టవలెను. పరగడుపున ఉదరముపై వేయు పట్టీని ఇరువది, ముప్పది నిమిషముల పాటు ఉంచెదరు. కటి స్నానమునకు చన్నీరైనచో 10 నుండి 18 డిగ్రీల సెంటీగ్రేడు వరకును, వేడినీరైనచో 40 నుండి 45 డిగ్రీల వరకును ఉండవలెనని ఈ శాస్త్రము చెప్పుచున్నది. ఈ లెక్కలను ఉష్ణమాపకముతో చూడవలెనే కాని ఊహతో చూడరాదు. మధుమేహము గల అనేకులకు పాదములలో స్పర్శ తగ్గియుండును. అట్టివారు కాలు కాలుచున్నను తెలిసికొనలేరు. వారిని “నీరు వేడిగా ఉన్నదా?” అని అడిగినచో లాభము లేదు. పరిచారకుడే మాపకమును చూచి, తన మోచేతిని ముంచి పరీక్షించుకొనవలెను. ఆవిరి గదిలోనికి పంపుటకు ముందు రోగిచే నీరు త్రాగించి, తలపై తడిగుడ్డ వేసి, బయటకు వచ్చువరకు దగ్గరనే నిలిచియుండవలెను. కన్నులు తిరిగినవని రోగి చెప్పిన క్షణమున చికిత్సను ఆపవలెను.

మర్దనము చేయువారి పని మరియొక విధముగా ముఖ్యమైనది. స్త్రీలకు స్త్రీలును, పురుషులకు పురుషులును మర్దనము చేయుట సరియైన మర్యాద. అర్ధగంటసేపు నిశ్చింతగా పరుండిన రోగి వైద్యునికి చెప్పని మాటలను వీరికి చెప్పును. “చక్కెర జబ్బు మాత్రలు మానివేసి మూడు దినములైనదమ్మా, డాక్టరుగారితో అనవద్దు” అని యెవరైన చెప్పినచో, ఆ మాటను కడుపులో దాచుకొనుట దయ కాదు. వెంటనే వైద్యునికి తెలుపవలెను. ఒక కాలిపిక్క మాత్రమే వాచి, నొప్పిగాను వెచ్చగాను ఉన్నచో దానిని తాకరాదు. లోపల రక్తము గడ్డకట్టియుండవచ్చును; మర్దనము వలన ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోవు ప్రమాదము కలదు.

వంటశాలయు చికిత్సలో భాగమే. అందఱికిని ఒకే పళ్లరసము, ఒకే కొబ్బరినీరు ఇచ్చుట సులభము. కాని మూత్రపిండములు చెడిన రోగికి కొబ్బరినీటిలోని పొటాసియము రక్తమున పేరుకొని గుండెకు హాని చేయగలదు. ఇన్సులిన్ తీసికొనుచున్నవారు వైద్యుని ఆజ్ఞ లేక ఉపవాసముండినచో రక్తములోని చక్కెర తగ్గి చెమటలు, వణకు, మతిభ్రమణము కలుగును. స్పృహలో ఉండి మ్రింగగలిగినచో వెంటనే మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగింపవలెను. స్పృహ లేనిచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్పవలెను. ఈ సంగతి వంటవానికిని, రాత్రి కాపలా ఉండువానికిని గూడ తెలిసియుండవలెను.

యోగము నేర్పు ఉపాధ్యాయునికిని ఇట్టి వివేకమే కావలయును. అధికమైన రక్తపు పోటు గలవారిచేతను, నీటికాసుల జబ్బు గలవారిచేతను శీర్షాసనము వేయింపరాదు.

ఈ చికిత్సయందు గాంధీజీకి గల విశ్వాసము లోకవిదితము. అయినను 1924 జనవరిలో ఆంత్రపుచ్ఛము వాచినప్పుడు పూనాలోని సాసూన్ ఆసుపత్రియందు ఆయన శస్త్రచికిత్స చేయించుకొనిరి. తమ పద్ధతిపై గౌరవము గల సిబ్బంది ఈ ఉదాహరణమును మఱువరాదు. ఛాతిలో నొప్పి, మాట తడబడుట, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, రక్తము కక్కుట మున్నగు లక్షణములు కనిపించినచో మట్టి పట్టీకి గాని స్నానమునకు గాని అది సమయము కాదు. ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి పంపవలెను. రెండు వారములు మించి దగ్గు ఉన్నవారిని క్షయ పరీక్షకు పంపవలెను. క్షయకు మందులు వాడుచున్నవారు నిర్ణీత కాలము ముగియువరకు వానిని ఒక్కదినమైనను మానరాదు.

చికిత్సాలయమునకు పోదలచినవారు గమనింపవలసిన విషయములు కొన్ని కలవు. వైద్యులకు పట్టమును, ప్రభుత్వ నమోదును ఉన్నవా? మొదటి దినముననే వాడుచున్న మందులను గూర్చి అడిగిరా? పరిచారకులు శిక్షణ పొందినవారేనా? ప్రతి రోగికిని శుభ్రమైన గుడ్డలు, కడిగిన తొట్టి ఇచ్చుచున్నారా? అకస్మాత్తుగా జబ్బు ముదిరినచో ఏ ఆసుపత్రికి చేర్తురు? వీనికి సూటిగా జవాబు చెప్పగల చోట నమ్మకముతో చేరవచ్చును. అన్ని జబ్బులును ఇచ్చటనే కుదురునని, మందులన్నియు పాఱవేయుమని చెప్పు చోటికి పోకుండుట మేలు.

నీరు, మట్టి, ఎండ, గాలి అందఱికిని లభించునవే. వానిని ఎవరికి, ఎంత, ఎప్పుడు వాడవలెనో తెలిసినవారు చికిత్సాలయమున ఉండవలెను. “ఇది మా వలన కాదు, ఆసుపత్రికి పొండు” అని సకాలమున చెప్పగల పరిచారకుడు ఆ దినమున ఒక ప్రాణమును కాపాడినవాడగును.