మారథాన్ పరుగు వేగము

2023 అక్టోబరు 8వ తేదీన చికాగో నగరమున, కెన్యా దేశీయుడగు కీర్తిశేషుడు కెల్విన్ కిప్టం 42.195 కిలోమీటర్ల మారథాను పరుగును 2 గంటల 35 సెకండ్లలో ముగించెను. అనగా నూరు మీటర్లకు సుమారు 17 సెకండ్లు. వినుటకిది గొప్పగా తోచదు. ఆరోగ్యవంతుడైన యువకుడు నూరు మీటర్ల దూరమును ఆ వేగమున పరుగెత్తగలడు. కాని అతనినే ఆగక సాగుమనుడు! మూడు నాలుగు వందల మీటర్లకే రొప్పు పుట్టును, కాళ్లు బరువెక్కును. ఏలయన, కండరములు కోరునంతటి ప్రాణవాయువును అతని గుండెయు, ఊపిరితిత్తులును అందింపజాలవు. కిప్టమునకో, ఆ వేగము తన శక్తి మేరలోనిదే. మనము ఒక్కమారు పరుగెత్తి మురిసిపోవు ఆ నూరు మీటర్లను అతడు ఎడతెగక దాదాపు 422 మారులు పరుగెత్తెను. ఆశ్చర్యము వేగమునందు గాదు, నిలుకడయందు.