సంగటి గొంతు దిగనప్పుడు

మన బాగేపల్లి, చింతామణి వైపు రాగిసంగటిని ఎవరూ నమలరు, ముద్దను పులుసులో అద్ది మింగడమే. నలభై ఏండ్లు అలా మింగిన మనిషి "ముద్ద రొమ్ములో నిలబడిపోతా ఉంది, నీళ్ళు తాగితేగానీ దిగదు" అంటే, గ్యాసని చెప్పి సోడా తాగిస్తాం. చాలాసార్లు అది గ్యాసే. కానీ ఆ మనిషికి చలికి వేళ్ళు తెల్లబడి, ఆపైన నీలం తిరుగుతూ, చేతుల చర్మం బిగుసుకుంటూ ఉంటే స్క్లెరోడెర్మాను అనుమానించాలి. ఇది ఆడవాళ్ళకు ఎక్కువగా వస్తుంది.

ఆ పేరుకు గట్టిబడిన చర్మం అని అర్థం. అయినా పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది దాకా జీర్ణనాళం కూడా దెబ్బతింటుంది. అన్ననాళంలో కండరం చిక్కిపోయి, ఆ చోట నార పేరుకుంటుంది. ముద్దను కిందికి తోసే బలం పోతుంది. పుల్లనీళ్ళు పైకి ఎగదన్నుతాయి.

ఆ నార పేరు కొల్లాజెన్. గాయం మాన్పడానికి శరీరమే దాన్ని తయారుచేస్తుంది. మానిన తర్వాత ఆపేయాలి. ఈ జబ్బులో ఆపదు. ఎందుకని?

శిడ్లఘట్టలో పట్టు తీసే రాట్నం చూసే ఉంటారు. వేగం తగ్గించడానికి, ఆపడానికి పక్కన మనిషి ఉండాలి. కణంలో అలాంటి పని చేసేవి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. ఒక్కొక్కటి సుమారు 22 అక్షరాల పొట్టి పోగు. జన్యువు పంపిన ఉత్తరువుకు అతుక్కుని దాన్ని చెల్లకుండా చేస్తుంది. 1993లో ఆంబ్రోస్, రవ్‌కున్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఒక మిల్లీమీటరు పురుగులో దీన్ని కనిపెట్టారు. వారికి 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

వీటిలో 29వ నంబరుది కొల్లాజెన్ ఉత్తరువులను ఆపుతుంది. స్క్లెరోడెర్మా రోగుల చర్మకణాల్లో ఇది తగ్గిపోయింది. 21వ నంబరుది పెరిగింది. అది నారను అదుపులో పెట్టే ఇంకో ప్రోటీనును అణచేస్తుంది. ఒక కాపలావాడు సెలవు పెడితే, రెండోవాడు దొంగలతో కలిశాడన్నమాట. అయితే ఈ పరీక్షలు ఎక్కువగా చర్మం మీద జరిగినవే. అన్ననాళం లోపలి కండరం నుంచి ముక్క తీయడం సులభం కాదు. కాబట్టి అక్కడా ఇదే జరుగుతోందని ఇప్పుడే ఖాయంగా చెప్పలేం. మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందు ఈ జబ్బుకు ఇంకా వాడుకలోకి రాలేదు.

మన చిక్కబళ్ళాపురం చుట్టూ రాతి క్వారీలు, క్రషర్లు ఉన్నాయి గనుక ఒక మాట. 1914లోనే ఎడిన్‌బరోలో బ్రామ్‌వెల్ అనే డాక్టరు, రాళ్ళు చెక్కేవాళ్ళలో ఈ జబ్బును గమనించి రాశాడు. రాతిధూళిలోని సిలికాకూ దీనికీ సంబంధం ఉందని తర్వాతి పరిశోధనలూ చూపాయి. క్రషర్లో పనిచేసేవాళ్ళకు వేళ్ళు తెల్లబడితే తేలిగ్గా తీసుకోకండి, కీళ్ళవాతం డాక్టరుకు చూపించండి.

జబ్బు ఉన్నవాళ్ళు రాత్రి సంగటిని పొద్దుండగానే, చిన్న ముద్దలుగా తినాలి. తిన్న వెంటనే పడుకోకూడదు. తలవైపు మంచంకోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుంటే పుల్లనీళ్ళు పైకి రావడం తగ్గుతుంది.