మూడు సర్క్యూట్లకి ఒక్క పచ్చ వైరు

సీఎస్ఈ వాడికి ఎర్తింగ్‌తో ఏం పని అని ఈఈఈ ఫ్రెండ్స్ నవ్వుకోవచ్చు. మా ఇంటి పై అంతస్తుకి వైరింగ్ చేస్తున్నప్పుడు వచ్చిన డౌటు ఇది. గోడలో ఒకే పైపు. అందులో లైట్లకి, ప్లగ్గులకి, ఏసీకి మూడు సర్క్యూట్లు. ఫేజు, న్యూట్రల్ దేనికది వేరే, ఎర్త్‌కి మాత్రం ఒక్క పచ్చ వైరే. మరి అది ఎంత లావు ఉండాలి? మూడింటికీ కలిపి లెక్కెయ్యాలా?

ముందు ఆ వైరు పనేంటో చూద్దాం. మామూలుగా అందులో కరెంటు దాదాపు ఉండదు. ఏసీ లోపల ఫేజు వైరు ఇన్సులేషన్ పోయి బయటి రేకుకి తగిలిందనుకోండి. అప్పుడు కరెంటు పచ్చ వైరు గుండా తేలిగ్గా వెనక్కి పోవాలి. అలా ఒక్కసారిగా పెద్ద కరెంటు పారితేనే ఎంసీబీ వెంటనే ట్రిప్ అవుతుంది. అప్పటిదాకా ఆ వైరు కాలిపోకుండా తట్టుకోవాలి. దాని డ్యూటీ అంతే.

ఇప్పుడు అసలు ప్రశ్న. మూడు సర్క్యూట్లలో ఒకే క్షణంలో ఫాల్ట్ రావడం చాలా అరుదు. అందుకే కోడ్ రాసేవాళ్ళకి నచ్చే జవాబు: సమ్ కాదు, మ్యాక్స్! ఉన్నవాటిలో పెద్ద సర్క్యూట్‌కి సరిపోతే మిగతావాటికీ సరిపోతుంది.

లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీకి 4 స్క్వేర్ ఎంఎం రాగి ఫేజు వైర్లు ఉన్నాయనుకుందాం. ఐఈసీ 60364 టేబుల్ ప్రకారం ఫేజు వైరు 16 స్క్వేర్ ఎంఎం దాకా ఉంటే ఎర్త్ కూడా అంతే సైజు. కాబట్టి ఉమ్మడి ఎర్త్ 4. మూడూ కూడి 8 వెయ్యక్కర్లేదు, లైట్లది చూసి 1.5 వేస్తే కుదరదు. అమెరికా ఎన్‌ఈసీలోనూ ఇదే లాజిక్, కాకపోతే అక్కడ బ్రేకర్ రేటింగ్ చూస్తారు. రాగి వైరైతే 15 ఆంప్స్‌కి 14వ నంబరు, 20కి 12, 30కి 10. నంబరు తగ్గేకొద్దీ వైరు లావు. ఒకే పైపులో మూడు 20 ఆంప్స్ సర్క్యూట్లున్నా ఒక్క 12వ నంబరు వైరు చాలు.

టేబుల్ వద్దనుకుంటే ఫార్ములా ఉంది. ఫాల్ట్ కరెంటుని, అది పారే సెకన్ల వర్గమూలంతో గుణించి 115తో భాగించాలి. వేరే వైర్లతో కలిసి వెళ్ళే పీవీసీ రాగి వైరుకి ఆ 115. ఫాల్ట్ 1000 ఆంప్స్, ఎంసీబీ 0.1 సెకనులో ట్రిప్ అయితే 2.75 వస్తుంది, అంటే 4 వెయ్యాలి. అదే ట్రిప్ అవ్వడానికి 1 సెకను పడితే 8.7, అంటే 10 కావాలి. వైరు సైజు ఎంసీబీ ఎంత ఫాస్ట్‌గా పనిచేస్తుందన్న దాని మీద కూడా ఆధారపడుతుందన్నమాట.

ఎర్త్ పంచుకోవచ్చు కదా అని న్యూట్రల్ కూడా పంచేస్తే? ఇళ్ళలో ఆ పని చెయ్యకూడదు. న్యూట్రల్‌లో రోజూ లోడు కరెంటు పారుతుంది. ఒకే ఫేజు మీదున్న మూడు సర్క్యూట్ల కరెంట్లు అందులో కలిసిపోతాయి. అక్కడ మాత్రం సమ్మే. ఏ ఎంసీబీ ట్రిప్ అవ్వకుండానే న్యూట్రల్ వేడెక్కిపోతుంది.

ఇంకో విషయం. పచ్చ వైరు ఒక్కటే కాబట్టి, మన భాషలో చెప్పాలంటే అది సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఎక్కడో ఒక జాయింటు ఊడితే దాని తర్వాత ఉన్నవాటన్నిటికీ ఎర్త్ పోతుంది. లైట్లు వెలుగుతాయి, ఏసీ చల్లగానే ఉంటుంది. ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు. అందుకే ఒక సాకెట్ విప్పినా మిగతావాటి ఎర్త్ తెగకుండా ఉండేలా, బాక్స్‌లో వైర్లన్నీ కలిపి బిగించి అక్కడినుంచి చిన్న తోక వైరు సాకెట్‌కి ఇవ్వాలి. వీటన్నిటితోపాటు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ కూడా ఉండాలి, ఎందుకంటే ఎర్త్ గుంత రెసిస్టెన్స్ ఎక్కువైతే ఎంసీబీ ట్రిప్ అయ్యేంత కరెంటు పారకపోవచ్చు.

మీ ఇంట్లో వైరింగ్ జరుగుతుంటే ఎలక్ట్రీషియన్ అన్నని ఒక్క మాట అడగండి: "అన్నా, ఈ పైపులో పెద్ద సర్క్యూట్ ఏది? పచ్చ వైరు దానికి సరిపోతుందా?" గోడ ప్లాస్టరింగ్ అయ్యాక అడిగితే మాత్రం జవాబు ఖరీదైనదే.